తూత్తుకుడి ఉప్పు మళ్ళలో పక్షి విచారణ

తూత్తుకుడికి ఎన్నడూ పోనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. పోయివచ్చినవాళ్ళు చదివితే నేను చెప్పింది తప్పంటారు. ఆ ఊరు చూసివచ్చిన ప్రతివాడికీ సముద్రాన్ని తానే కనిపెట్టినట్టు ఒక ధీమా వస్తుంది. నాకూ వచ్చింది. నాలుగు రోజుల్లో పోయింది.

మార్గళి నెలలో, అంటే ధనుర్మాసంలో, మా రాజపాళయం పెరుమాళ్ళ గుడి గోష్ఠివాళ్ళు ఎవరూ ఊరు దాటరు. తెల్లవారుజామున చన్నీళ్ళు పోసుకుని, పన్నెండు నామాలు పెట్టుకుని, వరుసలో నిలబడి పాశురాలు చెప్పాలి. ఆ తర్వాత నెయ్యి కారే పొంగలి. ఈ రెండింటిలో దేనికోసం ఎక్కువమంది లేస్తారని నన్ను అడగవద్దు. ఇరవై ఏళ్ళుగా ఒక్క ఉదయం తప్పనివాణ్ణి, ఆ ఏడు మార్గళి నడుమ రైలెక్కినాను. పక్షులను చూసే సరదాతో కాదు. ఒకడు పక్షులను తింటున్నాడని వచ్చిన మాట వల్ల.

ఆ ఒకడు నారాయణ రాజా. నాతో పలక పట్టినవాడు, వరసకు బావ. తూత్తుకుడి ఉప్పు మళ్ళలో లెక్కలు రాసే కణక్కుపిళ్ళ ఉద్యోగం దొరికి, ఆరేళ్ళుగా పెళ్ళాం పిల్లలతో అక్కడే ఉన్నాడు. ఏటా భోగినాడు మాత్రం వచ్చి గోష్ఠిలో నిలబడతాడు. ఆ రోజు గోష్ఠిలో ఉన్నవాళ్ళ పేర్లు వరుసగా చదివి, ఆ వరుసలోనే తీర్థం ఇస్తారు. మొదటి తీర్థం గోష్ఠి పెద్ద అళగిరి తాతకు. రెండోది నారాయణ ఇంటికి, వాళ్ళ తాత కాలం నుంచీ. మూడోది మా ఇంటికి.

మా కులంలో మాంసం వింత కాదు. కానీ భుజాల మీద ముద్రలు వేయించుకుని గోష్ఠిలో చేరినవాడు దాన్ని వదలాలి. వదలకపోతే పేరు కొట్టేస్తారు. వాడి పేరే కాదు, వాడి కొడుకుల పేర్లు కూడా.

## పంపినవాళ్ళు

వార్త తెచ్చింది సత్రపట్టి గుడ్డల వ్యాపారి వరదయ్య. నెలకొకసారి తూత్తుకుడి పోయివస్తాడు. పొంగలి తిని చెయ్యి కడుక్కునే ముందు చెప్పినాడు: "నారాయణ రాజా భుజాన గోతాం వేసుకుని పోతా ఉన్నాడు. గోతాంలో పిట్టలు. నా కళ్ళతో చూసినాను. కాళ్ళు బయటికి వేలాడతా ఉన్నాయి."

"బతికినవా, చచ్చినవా?" అని అడిగినాడు అళగిరి తాత.

"గోతాంలో పోయేవాటికి బతుకేమిటి తాతా, చావేమిటి?"

తాత నన్ను పిలిచినాడు. "నువ్వు పో. చూసి రా."

"నేనెందుకు తాతా? వాడు నా స్నేహితుడు."

"వాడి పేరు పోతే రెండో తీర్థం నీకు వస్తుంది. తప్పు ఉంటే వదలకుండా వెతుకుతావు. నీకే దొరకలేదంటే, లేనట్టే."

నలుగురి ముందు ఇంత గౌరవం నాకు ఎవరూ ఇవ్వలేదు. తల వంచుకుని సరే అన్నాను. రైలు దారంతా రెండో తీర్థం గురించి ఆలోచించలేదని రాయాలని ఉంది. రాయలేను.

## తూత్తుకుడి: ఏకాదశి నాడు

మాకు కొండల నుంచి నీళ్ళు ఊరికే వస్తాయి. ఈ ఊళ్ళో తాగే నీళ్ళు కుండల్లో అమ్ముతారు. కుండ ముప్పావు అణా. కాఫీ అడిగితే వెంటనే ఇస్తారు, నీళ్ళు అడిగితే ముఖం చూస్తారు. ఏ వీధిలో చూసినా చేపల వాసన. ముక్కు మూసుకుందామంటే నోటితో పీల్చాలి. అది ఇంకా పాపం.

నారాయణ ఇంట్లో లేడు. వాడి పెళ్ళాం అలమేలు తలుపు తీసింది. నా ముఖం చూసి, నా సంచి చూసి, ఒక్క క్షణం ఆలోచించలేదు.

"రండి అన్నా. మార్గళిలో వచ్చినారంటే మమ్మల్ని చూడను రాలేదు. వంటింట్లోకి పోండి. మూతలు తీసి చూసుకోండి."

"ఏమిటమ్మా ఆ మాటలు..."

"సాంబారులో ములక్కాడ ఉంది. ఎముక అనుకునేరు."

నేను వంటింట్లోకి పోలేదు. గడప దగ్గర నిలబడి మెడ చాపినాను, అంతే. ములక్కాడే.

ఆ రోజు ఏకాదశి. అలమేలు పాలు, అరటిపండ్లు పెట్టింది. సాయంత్రానికి ఆకలి శాస్త్రాన్ని తోసుకుని ముందుకు వచ్చింది. బజారులో నడుస్తుంటే ఒక రొట్టెల అంగడిలో, గాజు జాడీ నిండా తెల్లటి తీపి కనిపించింది. చిన్న గోపురాల మాదిరి, కొన మెలి తిరిగి ఉన్నాయి. పేరు మకరూన్ అన్నాడు అంగడివాడు. నేను అరవంలో అడిగినాను: "ఇందులో బియ్యం ఉందా?"

"లేదు సామీ."

"గోధుమ?"

"లేదు సామీ. ముంతమామిడి పప్పు, చక్కెర."

ఏకాదశి నాడు ధాన్యం తినరాదు. కనుక అడగవలసిన ప్రశ్న ధాన్యం గురించే. అడిగినాను. జవాబు వచ్చింది. నాలుకమీద పెట్టుకుంటే కరకరమని, మరుక్షణం కరిగి మాయమైంది. పెరుమాళ్ళు ఉపవాసం ఉండేవాళ్ళ కోసమే దీన్ని పుట్టించినాడని అనిపించింది. ఆరు తిన్నాను. మిగిలిన మూడు సాయంత్రాలూ ఏకాదశి కాకపోయినా, అదే భక్తితో ఆ అంగడికి పోయినాను.

## ఉప్పు మళ్ళు: హంసలు

మర్నాడు వెలుగు రాకముందే నారాయణ నన్ను లేపినాడు. మెడలో దుర్భిణి. ఊరు వదిలిపోయిన ఒక దొర ఇచ్చిపోయినాడట. చేతిలో చిన్న నోటు పుస్తకం. మార్గళిలో ఈ వేళకు చేతిలో తాళాలు ఉండవలసినవాడు.

"పాశురాలు?" అన్నాను.

"నడుస్తా చెప్తాను, రా బావా."

చెప్పినాడు కూడా. కానీ ఒక పాశురం నడుమ ఆగి, "అదిగో, కొంగ కాదు, దాని తమ్ముడు" అని నోటు పుస్తకంలో గీత పెట్టి, మళ్ళీ ఆగినచోటి నుంచి ఎత్తుకున్నాడు. రెండు చోట్ల పాదం తప్పినాడు. అది మనసులో రాసుకున్నాను. పక్షుల లెక్క వాడిది, తప్పుల లెక్క నాది.

వానలకు మళ్ళన్నీ నీళ్ళతో నిండి ఉన్నాయి. ఉప్పు పని మాసి నెల దాకా ఉండదు. పండిన ఉప్పును గుట్టలు పోసి తాటాకులు కప్పి ఉంచినారు. మనుషులు లేని ఆ నీళ్ళలోకి, చలికాలం వచ్చేసరికి ఎక్కడెక్కడి పక్షులో దిగుతాయి.

"చూడు బావా, రాజహంసలు," అని దుర్భిణి ఇచ్చినాడు.

నేను చదివిన గ్రంథాల్లో హంస పాలను నీళ్ళను వేరు చేస్తుంది. భక్తితో కళ్ళకు ఆనించుకున్నాను. గులాబీ రంగు, ఈతకర్రల మాదిరి కాళ్ళు, పాము మెడలు. వందలకు వందలు. ప్రతి ఒక్కటీ ముక్కును తలకిందులుగా బురదలో పెట్టి, బురదను బురద నుంచి వేరు చేస్తా ఉంది.

"పాలు ఎక్కడ?" అన్నాను.

"అడుగు, చెప్తాయేమో."

ఒక్కసారిగా అవి లేచినాయి. రెక్కల కింద దాచుకున్న ఎరుపు, నలుపు ఒక్కపెట్టున తెరుచుకున్నాయి. దుర్భిణి దించి ఒట్టి కళ్ళతో చూసినాను. ఇది ఇక్కడ రాయడం నా గౌరవానికి మంచిది కాదు. అయినా చూసింది చూసినట్టు చెప్పాలి. ఆ వేళ గోష్ఠిలో లేనన్న దిగులు నాకు కొంతసేపు లేదు.

తర్వాత బురదలో కాలు మోకాటిదాకా దిగింది. చెప్పు లోపలే ఉండిపోయింది. దిగులు మళ్ళీ వచ్చింది.

## పిట్టల బజారు

మూడోరోజు గోతాం బయటికి తీసినాడు. నా గుండె గట్టిగా కొట్టుకుంది. స్నేహితుడి తప్పు దొరకబోతుందన్న బాధతో అని రాస్తే మీరు నమ్మరు.

బజారు చివర పేచ్చిముత్తు అనే వలవాడు కూర్చుని ఉన్నాడు. వాడి ముందు కాళ్ళు కట్టేసిన ఉల్లంకి పిట్టలు. చలికాలంలో సముద్రపు ఒడ్డున బురదలో పరుగెత్తే చిన్న పిట్టలు అవి. జత అర్ధణా. కూర బ్రహ్మాండంగా ఉంటుందని పక్కనున్నవాళ్ళు అడగకుండానే చెప్పినారు. నారాయణ బేరం లేకుండా పన్నెండు కొని గోతాంలో వేసినాడు. కాళ్ళు బయటికి వేలాడినాయి. వరదయ్య కళ్ళు మంచివే.

నేను వాడి వెంట నడిచినాను. ఇంటి దిక్కు పోతాడనుకున్నాను. మళ్ళ దిక్కు పోయినాడు. ఊరు కనిపించనంత దూరం పోయి, కూర్చుని, ఒక్కొక్కదాని కట్టు విప్పినాడు. ప్రతిదాని కాలికీ ఒక ఎర్ర దారం ముక్క కట్టి వదిలినాడు. మా ఊరి నూలే. పిట్ట రెండడుగులు పరుగెత్తి, నమ్మకం లేనట్టు వెనక్కి చూసి, ఎగిరిపోతుంది.

"దారం దేనికి?" అని అడిగినాను.

"మళ్ళీ వస్తే ఆనవాలు పట్టేదానికి."

"వచ్చినాయా?"

వాడు సముద్రం దిక్కు చూసినాడు. "పోయిన వారం కొన్నవాటిలో నాలుగింటికి దారం ఉంది. ఒకదానికి రెండు."

అంటే పేచ్చిముత్తు పట్టిన పిట్టను వీడు కొంటాడు, వదులుతాడు. మర్నాడు వాడు అదే పిట్టను మళ్ళీ పడతాడు, వీడు మళ్ళీ కొంటాడు. ఒకే పిట్టకు వారంలో రెండుసార్లు మోక్షం. మా గోష్ఠిలో ఒక్కసారి దొరకడానికే జన్మలు పడతాయంటారు.

తిరిగి వచ్చేటప్పుడు పేచ్చిముత్తును అడిగినాను. "తెలిసే అమ్ముతున్నావా?"

"తెలుసు సామీ. దారం కట్టినవి పక్కన పెడతాను. ఆ రాజుగారికే ఇస్తాను. వేరేవాళ్ళకు అమ్మితే కోసేస్తారు కదా."

వాడికి దయ ఉందో, వ్యాపారం ఉందో తేల్చడానికి నా చదువు చాలలేదు. నారాయణ పక్కకు తిరిగి నన్ను చూసినాడు.

"బావా, ఇప్పుడు చెప్పు. నా మీద నేరం ఏమిటి? తిన్నాననా?"

"నీకెట్లా తెలుసు?"

"మార్గళిలో నువ్వు ఊరు దాటినావు. అలమేలు మొదటి రోజే చెప్పింది. తాత నిన్నే ఎందుకు పంపినాడో కూడా చెప్పింది."

"ఎందుకట?"

"రెండో తీర్థం." వాడు నవ్వలేదు. "నా పేరు పోతే పోనీ బావా. మా పిల్లలు ఆ వరుసలో నిలబడాలి. ఉప్పు మళ్ళలో పుట్టినవాళ్ళకు ఊరు అంటే అదొక్కటే."

ఖాళీ గోతాం వాడి భుజం మీద నుంచి తీసి నా భుజాన వేసుకున్నాను. 

## కాయల్‌పట్నం: గరుడుడు

నాలుగోరోజు కాయల్‌పట్నం ఒడ్డుకు పోయినాము. అక్కడి తురకలు పడవల్లో సింహళం పోయివచ్చే వ్యాపారులు. నామాలు పెట్టుకున్న ఇద్దరు ఇసకలో నిలబడి ఆకాశం చూస్తుంటే, ఒక ముసలాయన దగ్గరికి వచ్చి, వాన కోసమా అని అడిగినాడు. పక్షుల కోసమని నారాయణ చెప్పినాడు. ఆయన జాలిపడి, ఇంటి నుంచి అల్లం తేనీరు తెప్పించినాడు. ముట్టుకోవచ్చునా లేదా అని నేను ఆలోచించేలోగా, అది చల్లారిపోయింది. చల్లారిందని ఆయన మరొక లోటా తెప్పించినాడు. తాగినాను. గొంతుకు శాస్త్రం కంటే అల్లం ముందు తెలిసింది.

అప్పుడు నారాయణ దుర్భిణి నా చేతికిచ్చి, "పైకి చూడు" అన్నాడు. దాని తోలుపట్టీ ముందురోజే తెగిపోయింది. చూసినాను. తెల్లటి తల, తెల్లటి రొమ్ము, ఇటుకరంగు రెక్కలు. పెరుమాళ్ళ వాహనం! నాలుగడుగుల దూరంలో ఉన్నట్టు కనిపించింది.

గరుడ దర్శనం అయిందంటే మావాళ్ళు ఏం చేస్తారో మీకు చెప్పనక్కరలేదు. నా రెండు చేతులూ వాటంతట అవే జోడైనాయి. దుర్భిణి అంతట అదే రాతి మీద పడి, అక్కడి నుంచి అలలోకి పోయింది.

నారాయణ నీళ్ళలో దిగి తీసినాడు. ఒక అద్దం పగిలింది. నేను ఇంకా చేతులు జోడించే ఉన్నాను. ఇప్పుడు గరుడుడికి కాదు, వాడికి.

"పోనీలే బావా. ఇక ఒంటికంటితో చూస్తాను," అన్నాడు. అంతలో గరుడుడు కిందికి వాలి, చేపలమ్మే ఒకామె గంపలో నుంచి చేపను తన్నుకుపోయినాడు. ఆమె తిట్టిన తిట్లు ఏ స్తోత్రంలోనూ లేవు.

"చూసినావా?" అన్నాడు నారాయణ. "వాహనం చేప తింటే కన్నులకు అద్దుకుంటారు. నేను ఉల్లంకి కొంటే పేరు కొట్టేస్తారు."

## స్టేషన్

రైలెక్కించడానికి వచ్చినాడు. నా చేతిలో పెద్ద పొట్లం ఉంది. గోష్ఠివాళ్ళకని రెండు వీశెల మకరూన్లు కొన్నాను. దూరదేశం పోయి ఒట్టి చేతులతో రావడం మా ఇంటి వాడుక కాదు.

"ఏమిటది?" అన్నాడు.

చెప్పినాను. ఎంత గొప్ప తీపో, ఏకాదశికి ఎంత అనుకూలమో వర్ణించినాను. నాలుగు రోజులుగా తింటున్నానని కూడా చెప్పినాను. నారాయణ ముఖం మొదట ఎర్రబడింది. తర్వాత బల్ల మీద కూర్చుని, పంచె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"బావా... చక్కెర, పప్పు ఊరికే అట్లా పొంగుతాయా?"

"మరి?"

"గుడ్డులో తెల్లసొన. గిలక్కొడతారు. ఆ అంగడి వెనక్కి ఎప్పుడూ పోలేదా? పెంకులు గుట్టగా ఉంటాయి, మా ఉప్పు మాదిరి."

ఒకడు పక్షిని తిన్నాడా అని చూడడానికి పోయినవాణ్ణి, నాలుగు రోజులు పక్షిని పుట్టకముందే తిన్నాను. పొట్లం ఎవరికిచ్చినానో గుర్తులేదు. కడుపు కడుక్కోవడానికి తూత్తుకుడి సముద్రమంతా చాలదనిపించింది.

బండి కదులుతుండగా నారాయణ కిటికీ దగ్గరికి వచ్చినాడు. నవ్వు పోయింది. "నేను ఎవరికీ చెప్పను బావా. నీ ఇష్టం."

వాడు నన్ను బెదిరించి ఉంటే బాగుండేది.

## మళ్ళీ గోష్ఠి

భోగికి రెండు రోజుల ముందు, పాశురాలు ముగిసి పొంగలి వచ్చేలోగా అళగిరి తాత అడిగినాడు. "చెప్పు."

"నారాయణ పక్షులను కొని వదిలిపెడతాడు తాతా. తినడు. కాళ్ళకు దారం కట్టడం చూసినాను. వాడి పేరు ఉండాలి." ఒక్క గుక్కలో చెప్పేసినాను. వరదయ్య మూతి తిప్పుకున్నాడు. అక్కడ ఆగవచ్చు. రెండో తీర్థం పోయినా, మూడోది చేతిలో ఉంది. కానీ అర్చామూర్తి ఎదురుగా ఉన్నాడు, కళ్ళు మూసుకోడు.

"తప్పు చేసినవాడు నేను," అన్నాను. మకరూన్ సంగతి మొత్తం చెప్పినాను. కేకలు వేస్తారనుకున్నాను. ఎవరూ వేయలేదు. 

తాత నెమ్మదిగా అడిగినాడు. "తెల్లగా, కొన మెలి తిరిగి ఉంటుందే... అదా?"

"అదే తాతా."

"అందులో బియ్యం లేదు కదా?"

"బియ్యం లేదు తాతా. గుడ్డు ఉంది."

తాత వరదయ్యను చూసినాడు. వరదయ్య స్తంభాన్ని చూసినాడు. అప్పుడు తెలిసింది. ప్రతి నెలా తూత్తుకుడి నుంచి వచ్చేటప్పుడు వరదయ్య ఒక తగరపు పెట్టె తెస్తాడు. ఏకాదశి నాడు ఆ పెట్టె తాత ఇంటి నుంచి బయలుదేరి, గోష్ఠిలోని నలభై ఇళ్ళ అరుగుల మీదుగా తిరిగి, ఖాళీగా తాత ఇంటికి చేరుతుంది. నన్ను మాత్రం ఎన్నడూ పిలవలేదు. అందుకు నొచ్చుకోవాలో, సంతోషించాలో ఇప్పటికీ తేల్చుకోలేదు.

"నేను రెండే తిన్నాను," అన్నాడొకడు.

"నువ్వా? నా వాటాలోది కూడా తీసుకున్నావే!"

తక్కువ తిన్నవాడు వరుసలో ముందు నిలబడాలని ఒక వాదం. తెలియక తిన్నది తిన్నట్టు కాదని ఇంకొకటి. తెలియక తిన్నది తిన్నట్టు కాకపోతే, చూడక చెప్పింది కూడా చెప్పినట్టు కాదా వరదయ్యా అని వేరొకడు. పొంగలి చల్లారింది. మా గోష్ఠి చరిత్రలో పొంగలి చల్లారడం అదే మొదలు.

అళగిరి తాత లేచినాడు. ఆయనను నేను ఎన్నోసార్లు మనసులో విమర్శించినాను. ఆ రోజు మాత్రం లేచి దండం పెట్టాలనిపించింది. "రూలు రూలే. నాతో మొదలు. తిన్న అందరికీ ప్రాయశ్చిత్తం. అది ముగిసేదాకా వరుసలో చోటు లేదు, పాశురానికి నోరు తెరవరాదు. భోగినాడు చదివేది ఒక్క పేరు."

భోగినాడు తెల్లవారకముందే నారాయణ, అలమేలు పిల్లలతో దిగినారు. సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. లోపలికి వచ్చి చూస్తే, నలభై ఒక్కమంది మగవాళ్ళం వెనక గోడకు ఆనుకుని, నోళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాము. ముందు ఎవరూ లేరు. తాత చెయ్యి చూపితే, వాడు పోయి ఒక్కడే నిలబడినాడు. పిల్లలు ఇద్దరూ వాడి పంచె పట్టుకున్నారు.

వాడి పేరు చదివినారు. వాడు ఎత్తుకున్నాడు.  మొదటి పాశురం గడిచింది. మూడోదానిలో, ఉప్పు మళ్ళలో తప్పిన చోటే మళ్ళీ తప్పి, ఆగిపోయినాడు. నాకు ఆ పాదం తెలుసు. నలభైమందికీ తెలుసు. ఒక్కరం అందించలేము. తాత పెదవులు కదిలి, మళ్ళీ బిగుసుకున్నాయి.

అప్పుడు మండపం ఎడమ పక్క, ఆడవాళ్ళ చోటు నుంచి అలమేలు ఆ పాదం అందుకున్నది. పక్కనున్న ముసలమ్మ కలిసింది. ఆ వెనక అందరూ. ఇన్నేళ్ళు మేము చెప్తుంటే వింటూ నిలబడినవాళ్ళు, చివరి పాశురం దాకా ఒక్క అక్షరం తప్పకుండా చెప్పినారు. వాళ్ళకు ప్రాయశ్చిత్తం అక్కరలేదు. ఆ తగరపు పెట్టె నలభై అరుగులు తిరిగినా, ఏ ఇంట్లోనూ ఆడవాళ్ళ దాకా పోలేదు.